ఆపరేషన్ మలివెలుగు

"నువ్వు ఆమెను కాపాడాలి. అంతకు మించి ఏమీ చేయకూడదు," అన్నాడు తాతయ్య.

తాతయ్య ఎవరికీ తాత కాదు. ఆ గూఢచారి శాఖకు చీఫ్. జుట్టు ఇంకా నల్లగానే ఉంది. ఏజెంట్లకు చుట్టరికాల పేర్లు పెట్టడం ఆ శాఖ పద్ధతి. "బావ ఊరెళ్లాడు, అత్తయ్యకి ఒంట్లో బాగాలేదు" అని ఫోన్‌లో మాట్లాడుకుంటే దొంగచాటుగా వినేవాడు విసుగెత్తి పెట్టేస్తాడని వాళ్ల నమ్మకం. అలా బావ అనే పేరు దక్కిన ఏజెంట్ ఇప్పుడు తాతయ్య బల్ల ముందు నిలబడి ఉన్నాడు. మొదట్లో అతనికి ఆ పేరంటే మహా చిరాకు. పెద్దమ్మ అని పేరు పడిన మీసాల ఏజెంటును చూశాక తనదే నయమనుకున్నాడు.

తాతయ్య ఒక ఫోటో బల్ల మీదికి తోశాడు. తెల్లకోటు, నెత్తి మీదికి ఎత్తిన కళ్లద్దాలు, నిద్ర చాలని మొహం.

"కెమిస్ట్. ఆర్గానిక్ ఫాస్ఫోరెసెన్స్ మీద పని చేస్తోంది. అంటే లైటు వేసి ఆర్పేశాక కూడా చాలాసేపు వెలుగుతూ ఉండే పదార్థం. శాఖలో దానికి మలివెలుగు అని పేరు పెట్టాం."

"గడియారం ముళ్లకి పూసేదేగా సార్?"

"అది లోహాలతో చేసేది. అరుదైన ఖనిజాలు కావాలి, ఖరీదెక్కువ. ఈమె లోహమన్నదే లేకుండా ఉత్త కార్బన్ అణువులతో చేసింది. పెయింట్‌లో కలుపుకో, ప్లాస్టిక్‌లో పోసుకో, నీ ఇష్టం. కొంచెం మారిస్తే ఆ వెలుగు మన కంటికి కనపడదు, కెమెరాకి మాత్రం కనపడుతుంది. ఒక మనిషి చొక్కా మీద చిటికెడు చల్లితే చాలు, చీకట్లో ఎక్కడ దాక్కున్నా పైనుంచి చూసి పట్టుకోవచ్చు."

"ఎవరికి కావాలి?"

"దుబాసీకి."

దుబాసీ ఒక విదేశీ ముఠాకు నాయకుడు. ఏ దేశంలో అడుగుపెడితే ఆ దేశపు భాష అక్కడే పుట్టినవాడిలా మాట్లాడతాడు. వాడి ముఖం చూసినవాళ్లు ఉన్నారు గానీ, ఎలా ఉంటాడో చెప్పడానికి మిగిలినవాళ్లు లేరు.

"ఫార్ములా వాడు ఎప్పుడో కొట్టేశాడు," అన్నాడు తాతయ్య. "వాడి ల్యాబ్‌లో చేసి చూశారు. వెలగలేదు. ఇంకా మంచి సరుకు తెప్పించి చేశారు. అస్సలు వెలగలేదు. అందుకని ఇప్పుడు వాడికి కావలసింది కాగితం కాదు, మనిషి. రేపు కంపెనీవాళ్ల వేషంలో ల్యాబ్‌కి వస్తున్నారు. వాళ్లతో మరదలు కూడా ఉంటుంది."

మరదలు డబుల్ ఏజెంట్. బావ గొంతు సవరించుకున్నాడు. "ఆమె మనవైపేనా సార్?"

"మనకి ఫోన్ చేసినప్పుడు మనవైపు. పెట్టేశాక నాకు తెలీదు."

"దుబాసీని పట్టుకోనా?"

"వద్దు. వాడెవడో గుర్తుపట్టి చెప్పు, చాలు. ఆమె మాత్రం చేయి దాటి పోకూడదు."

బయటికొస్తుంటే టెక్నికల్ సెక్షన్ ఆయన పట్టుకుని సామాన్లు అప్పగించాడు. గుండీలో కెమెరా, పెన్నులో మత్తుమందు, ఎడమ బూటు మడమలో ట్రాన్స్‌మిటర్.

"మడమ గట్టిగా నొక్కితే మన జీపులు వచ్చేస్తాయి. ఒక్క ఇనప గదుల్లోనే సిగ్నల్ అందదు," అన్నాడాయన.

"ఇనప గదిలోకి నేనెందుకెళ్తాను?" అన్నాడు బావ.

* * *

మర్నాడు బావ ఫైర్ సేఫ్టీ ఇన్‌స్పెక్టర్ వేషంలో ల్యాబ్‌కి వెళ్లాడు. ఖాకీ బట్టలు, మెడలో గుర్తింపు కార్డు, చేతిలో టార్చిలైటు. ఏ ఆఫీసులోనైనా ఫైర్ ఇన్‌స్పెక్టర్ కనపడితే జనం మొహాలు ముడుచుకుంటారు. కెమిస్ట్ మాత్రం చుట్టాన్ని చూసినట్టు ఎదురొచ్చింది.

"రండి సార్, రండి! మీ డిపార్ట్‌మెంట్‌కి ఎన్నిసార్లు రాశానో. ఇన్నాళ్లకి వచ్చారు!"

వేషం ఇంత బాగా కుదురుతుందని బావ అనుకోలేదు.

ఆమె అతన్ని గది మూలకు లాక్కెళ్లింది. గాలి లాగే పెట్టె గుర్రుమంటోంది. గాజు బుడ్డీలో ఏదో తిరుగుతోంది. బల్ల మీద వేలెడు వెడల్పున్న ప్లాస్టిక్ పట్టీలు వరసగా పరిచి ఉన్నాయి. ఆమె నల్లగుడ్డ ఒకటి తమ ఇద్దరి తలల మీదా కప్పి, దీపం ఒకసారి వెలిగించి ఆర్పేసింది. పట్టీలు పచ్చగా వెలిగాయి. బావ చూస్తూ ఉండిపోయాడు. ఆ వెలుగు ఆరలేదు.

"మెట్ల అంచులకి అంటించడానికి సార్," అంది గుడ్డలోంచే. "కరెంటు పోయినా, పొగ కమ్మినా, మెట్టు ఎక్కడుందో తెలుస్తుంది. మా అక్క పనిచేసే బిల్డింగులో మంటలొచ్చాయి. మెట్లు కనపడలేదు. కింది అంతస్తు దాకా వచ్చి కూడా తలుపు ఏ వైపో తెలియక అక్కడే..."

ఆమె గుడ్డ తీసేసింది. గొంతు మామూలుగానే ఉంది.

"అక్క కూతురు నా దగ్గరే ఉంటుంది. సాయంత్రం బడి వదిలే టైముకి పిన్ని గేటు దగ్గర లేకపోతే ఊరుకోదు. అందుకని ఏ పనైనా ఆలోపే తెముల్చుకుంటాను. ఇవి చవగ్గా చేయొచ్చు సార్. ప్రతి మెట్టుకీ వేయొచ్చు. మీవాళ్లు వేయిస్తారా?"

"తప్పకుండా వేయిస్తామండీ," అన్నాడు బావ.

వృత్తిలో అతను చాలా అబద్ధాలు ఆడాడు. ఇది ఆడినందుకు మాత్రం సిగ్గేసింది. మాట మార్చడానికి, ఇది ఇంతసేపు ఎలా వెలుగుతుందని అడిగాడు.

"కదలనివ్వకపోతే వెలుగుతుంది," అంది. "అణువు కాంతిని పట్టుకుంటుంది. అది ఊగిందా, పట్టుకున్నదంతా వేడైపోతుంది. గాలిలో ఆక్సిజన్ తగిలినా అంతే, వెలుగు గుటుక్కున పోతుంది. అందుకని అణువుల్ని ఇరుగ్గా, బిగుతుగా కూర్చోబెట్టాలి. ఈ పట్టీల్లో అలా కుదిరింది. ముందు చేసిన ఫిల్ములు అంత గట్టివి కావు, గాలికి చచ్చిపోయేవి. వాటిని పరీక్షించడానికే ఆ గది కట్టించాం."

ఆమె చూపించిన వైపు గోడలో పెద్ద ఇనప తలుపు ఉంది. దానికో గుండ్రటి గాజు కిటికీ. పక్కనే నైట్రోజన్ గొట్టం, వాల్వు, ఆ వాల్వు దగ్గర ఒక సెక్యూరిటీ గార్డు. గార్డుకి వాల్వు దగ్గరేం పనో బావకు అప్పుడే తట్టి ఉండాల్సింది.

* * *

విదేశీ కంపెనీవాళ్లు వచ్చారు. ముందు మరదలు. బూడిదరంగు సూటు, నల్ల కళ్లద్దాలు, హీల్స్ చప్పుడుకి ల్యాబ్‌లో అందరూ తలలు తిప్పారు. ఆమె వెనుక భారీగా ఉన్న ఒక విదేశీయుడు. అతని పక్కన చేతులు కట్టుకుని నడుస్తున్న సన్నపాటి దుబాసీ. అంటే ముఠా నాయకుడని కాదు, ఆ విదేశీయుడి మాటలు తెలుగులో చెప్పడానికి వచ్చిన మనిషి.

మరదలు బావ దగ్గర ఆగి కోడ్ మాట అంది. "ఈ గది ఎప్పుడూ ఇంత చల్లగానే ఉంటుందా?"

"మనుషుల కోసం కాదండీ, మందుల కోసం," అని బావ కోడ్ జవాబు చెప్పాడు. గొంతు తగ్గించి, "వాడేనా?" అన్నాడు.

"కళ్లున్నాయిగా బావా, చూసుకో," అని ఆమె ముందుకి నడిచింది.

బావ విదేశీయుడి మీంచి చూపు తిప్పలేదు. గుండీ కెమెరాతో అటునుంచీ ఇటునుంచీ ఫోటోలు తీశాడు. ఎర్రటి మెడ, ఉంగరాల వేళ్లు, క్రూరమైన గడ్డం. ముఠా నాయకుడంటే ఇలాగే ఉంటాడనుకున్నాడు. ఆ విదేశీయుడు ఏదో గొణుగుతుంటే పక్కనున్న మనిషి చక్కటి తెలుగులో చెబుతున్నాడు. ఎంత చక్కగానంటే, స్టోర్ కీపర్ పని ఆపి మరీ వింటున్నాడు.

"అమ్మా, మనం మీకోసం ఎంతో దూరం నుంచి వచ్చాం," అన్నాడతను కెమిస్టుతో.

ఆమె ఒక్క క్షణం తెల్లమొహం వేసింది. బావకూ చెవిలో ఏదో కలుక్కుమంది. ఏమిటో అర్థం కాలేదు. ఈలోగా ఆ సన్నపాటి మనిషి ఇటు తిరిగాడు.

"ఇన్‌స్పెక్టర్ గారూ, ఈ ఇనప గదికి అత్యవసర ద్వారం ఉందంటారా? సారు భయపడుతున్నారు. మీరొకసారి లోపలికెళ్లి చూస్తే ధైర్యంగా ఉంటుంది."

బావ గతుక్కుమన్నాడు. వెళ్లకూడదని తెలుసు. కానీ ఫైర్ ఇన్‌స్పెక్టర్ అన్నవాడు ఆ ప్రశ్నకి ఏం వంక చెబుతాడు? గార్డులు నవ్వుతూ చూస్తున్నారు. కెమిస్ట్ కూడా ఆశగా చూస్తోంది. అతను టార్చి వెలిగించి లోపలికి అడుగుపెట్టాడు. మరదలు తలుపు పట్టుకుని నిలబడింది. అతను వెనక్కి తిరిగేలోపే తలుపు పడింది.

* * *

టార్చి చేతిలోంచి జారి పగిలింది. లోపల కటిక చీకటి. గోడలనిండా పాత ఫిల్ములు అంటించి ఉన్నాయి. పైన దీపం దానంతటదే తళుక్కుమని ఆరింది. ఫిల్ములు కూడా ఒక్క రెప్పపాటు వెలిగి ఆరిపోయాయి. స్పీకర్లోంచి ఆ చక్కటి తెలుగు వినిపించింది.

"మాట తర్జుమా చేసేవాణ్ని ఎవరూ చూడరు, ఇన్‌స్పెక్టర్ గారూ. నన్ను అందరూ దుబాసీ అంటారు. ఆ పెద్దాయన నాటకాల్లో వేషాలు వేసుకునేవాడు, పాపం. ఫోటోలు బాగా వచ్చాయా?"

బావ మడమ నేలకేసి కొట్టాడు. మళ్లీ కొట్టాడు. మడమ ఊడి వచ్చింది. సిగ్నల్ మాత్రం ఎక్కడికీ పోలేదు. ఎక్కడో గాలి బుసకొట్టడం మొదలైంది. నైట్రోజన్. వాసన లేదు, మంట లేదు, దగ్గు కూడా రాదు. ఉన్న ఆక్సిజన్‌ను మెల్లగా తోసేస్తుంది, అంతే.

దీపం తళుక్కుమంది. ఈసారి ఫిల్ముల వెలుగు కాస్త ఎక్కువసేపు నిలిచింది. బావకు ఆమె మాట గుర్తొచ్చింది. ఆక్సిజన్ తగిలితే వెలుగు పోతుంది. వెలుగు నిలుస్తోందంటే ఆక్సిజన్ పోతోంది.

కిటికీ అవతల కెమిస్ట్ ముఖం కనిపించింది. దుబాసీ ఆమె భుజం పట్టుకుని ఉన్నాడు. వాళ్ల మాటలు స్పీకర్లోంచి వినపడుతున్నాయి.

"రహస్యం చెప్పు తల్లీ. నా ల్యాబ్‌లో ఎందుకు వెలగలేదు? చెబితే ఇతన్ని వదిలేస్తాను."

ఆమె ఆలోచించలేదు. "మురికి," అంది.

"ఏమిటీ?"

"ముడిసరుకులో మురికి. నేను చవకరకం కొంటాను. అందులో తయారీలోనే కలిసిపోయిన ఇంకో పదార్థం రవ్వంత ఉంటుంది. ఆ రవ్వంతే కాంతిని పట్టి ఉంచేది. మీరు శుభ్రం చేసి చేశారు. అందుకే వెలగలేదు. నాకూ చాలాకాలం తెలీదు. ఒకసారి మంచి సరుకు కొని నేనూ బోల్తాపడ్డాను. అంతే సార్, ఒట్టు. ఆయన్ని వదిలేయండి. మెట్లు చూడ్డానికొచ్చిన మనిషి ఆయన."

దుబాసీ పకపకా నవ్వాడు. "ప్రపంచమంతా వెతుకుతున్న రహస్యం మురికా? ఇంతకంటే మంచి అబద్ధం దొరకలేదా?"

లోపల బావ గాజుని పిడికిళ్లతో బాదాడు. నిజమే చెబుతోందిరా, నిజమే చెబుతోంది అని అరిచాడు. అవతలికి వినపడలేదు. నేల మీదికి జారి కూర్చున్నాడు. దీపం తళుక్కుమంది, ఆరింది. గోడలు పచ్చగా వెలిగాయి. ఈసారి ఆ వెలుగు తగ్గనే లేదు. ఇంత అందమైనది అతను ఎన్నడూ చూడలేదు, ఇంత అసహ్యమైనదీ చూడలేదు. తనని కాపాడటానికి వచ్చినవాణ్ని కాపాడటానికి ఆమె ఉన్నదంతా చెప్పేసింది. తను చేయగలిగింది చూడటమొక్కటే. ఏడుపొచ్చింది. ఏడిస్తే గాలి ఖర్చవుతుందని భయమేసి ఆపుకున్నాడు.

"సరే. మాతో వచ్చి మా ల్యాబ్‌లోనే చెబుదువుగాని," అనలేదు దుబాసీ. "మనతో వచ్చి మన ల్యాబ్‌లోనే చెబుదువుగాని," అన్నాడు.

అప్పుడు బావకు చెవిలో కలుక్కుమన్నదేమిటో తెలిసింది. వీడికి 'మనం' ఒక్కటే వచ్చు. 'మేము' రాదు. తెలుగు తల్లి ఒడిలో పెరిగిన పసివాడు కూడా చేయని తప్పు. ముందే పట్టుకుని ఉండాల్సింది. ఇప్పుడు తెలిసి మాత్రం ఎవరికి ఉపయోగం?

ఉపయోగపడింది. బావకి సంబంధం లేకుండానే ఉపయోగపడింది.

దుబాసీ వాకీటాకీ తీసుకుని గార్డులందరికీ ఆర్డర్ ఇచ్చాడు. "పని అయిపోయింది. మనం వెళ్లిపోతున్నాం."

వాడి ఉద్దేశంలో వెళ్లేది తనూ, మరదలూ, కెమిస్టూ. గార్డులు ఉండి లోపలివాడి సంగతి పూర్తిగా తేల్చి, ఆనవాళ్లు తుడిచి రావాలి. కానీ ఆ గార్డులు వాడు డబ్బిచ్చి తనవైపు తిప్పుకున్న తెలుగువాళ్లు. మనం వెళ్లిపోతున్నాం అంటే అందరూ వెళ్లిపోతున్నట్టే. డ్యూటీ దిగేవాడు లైటు ఆర్పినట్టు వాల్వు దగ్గరి గార్డు వాల్వు కట్టేశాడు. గేటు దగ్గరివాడు గేటు బార్లా తీసి పెట్టాడు. మెట్ల దగ్గరివాడు టిఫిన్ డబ్బా సంచిలో సర్దుకున్నాడు. అందరూ వెళ్లి వ్యాన్ ఎక్కారు. నాటకాలాయన ముందే కిటికీ సీటు పట్టుకున్నాడు.

దుబాసీ కెమిస్టుని ఈడ్చుకుంటూ వ్యాన్ దగ్గరికి వచ్చేసరికి కాలు పెట్టడానికి చోటు లేదు.

"దిగండి! మీరెందుకు ఎక్కారు?" అని అరిచాడు.

"మీరేగా సార్ మనం వెళ్లిపోతున్నామన్నారు," అన్నాడు గార్డుల సూపర్వైజర్ నొచ్చుకుంటూ.

"అవును! మనం వెళ్తున్నాం, మీరు కాదు!"

"అదెలా కుదురుతుంది సార్? మనమంటే మేమూ ఉన్నట్టేగా?"

"మనం అంటే నేనూ, వీళ్లిద్దరూ!"

"దాన్ని మేము అంటారు సార్," అన్నాడు వెనక సీట్లోంచి ఒకడు. తోటివాళ్లంతా ఔనన్నారు. ఉండమనేవాడు ఉండమని చెప్పాలి గానీ ఇదేం పద్ధతని గొణిగారు.

దుబాసీ నమ్మలేనట్టు మరదలి వైపు తిరిగాడు. ఆమె చేతిసంచిలోంచి పిస్తోలు తీసి అతని పక్కటెముకలకి ఆనించింది.

"నీకు తెలుగు పాఠాలు చెప్పింది నేనేగా," అంది. "'మేము' నేర్పడం కావాలనే మానేశాను. ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తుందనుకున్నాను. తాతయ్యకి పొద్దున్నే ఫోన్ చేశాను, జీపులు దారిలో ఉన్నాయి. లోపల బావకి మాత్రం ఊపిరి ఎంతసేపు ఆడుతుందో నాకు తెలీదు."

ఆ మాట కెమిస్ట్ విన్నది. దుబాసీ పట్టు సడలింది. గేటు బార్లా తెరిచి ఉంది, అడ్డుపడేవాళ్లు లేరు. రోడ్డు ఎక్కి మలుపు తిరిగితే బడి. బడి వదిలే టైమవుతోంది. ఆమె గేటు వైపు ఒకసారి చూసింది. చూసి, వెనక్కి తిరిగి ల్యాబ్‌లోకి పరిగెత్తింది.

తలుపు లాగితే రాలేదు. గోడకి కాలు తన్నిపెట్టి లాగింది. తలుపు తెరుచుకున్న మరుక్షణం గాలి లోపలికి దూసుకుపోయి, గోడల మీది పచ్చటి వెలుగంతా ఒక్కసారిగా చచ్చిపోయింది. ఆ చీకట్లో బావ కాళ్లు ఆమె చేతికి తగిలాయి. పట్టుకుని బయటికి ఈడ్చింది.

అతను దగ్గి, దగ్గి, కళ్లు తెరిచాడు. "నేను ఫైర్ ఇన్‌స్పెక్టర్ని కాదండీ," అన్నాడు. ముందు ఆ మాటే వచ్చింది.

ఆమె అతని మెడలోని గుర్తింపు కార్డు వైపు చూసింది. "అయితే మెట్లకి పట్టీలు?" అంది చివరికి.

* * *

జీపులు వచ్చాయి. దుబాసీ చేతులకి బేడీలు పడ్డాయి. ఎక్కేముందు వాడు ఏదో తిట్టాడు, అది ఏ భాషో ఎవరికీ తెలియలేదు. తాతయ్య స్వయంగా దిగి ల్యాబ్ అంతా కలయతిరిగాడు. ఆయన మనుషులు బీరువాలకి సీళ్లు వేస్తున్నారు. పట్టీలన్నీ ఏరి డబ్బాలో పెడుతున్నారు.

"ఇంక భయం లేదమ్మా," అన్నాడు కెమిస్టుతో, తండ్రిలా భుజం తట్టి. "ఇలాంటివాళ్లు మళ్లీ వస్తారు. అందుకని నీకు కొత్త ల్యాబ్ ఏర్పాటు చేశాం. కాపలా ఉంటుంది, ఏం కావాలన్నా లోపలికే వస్తుంది. బండి సిద్ధంగా ఉంది."

"ఇప్పుడా? నేను బడికెళ్లాలి సార్. పాప గేటు దగ్గర చూస్తూ ఉంటుంది."

"పాపని ఎవరో ఒకరు తెస్తారులే."

"ఎవరో వస్తే రాదు సార్ అది. మళ్లీ ఇంటికెప్పుడు వెళ్లొచ్చు?"

"వీలు చూసి చెబుతాం."

బావ గోడ పట్టుకుని లేచాడు. "సార్, ఆమె పారిపోగలిగీ పోలేదు. నాకోసం వెనక్కొచ్చింది. ఒక్క గంట, బడి దాకా నేనే తీసుకెళ్లి..."

"రిపోర్ట్‌లో రాయి. మెచ్చుకుంటూ రాయి," అన్నాడు తాతయ్య. "నీకు చెప్పిన పని అయిపోయింది."

బావ మరదలి వైపు చూశాడు. ఆమె నల్లకళ్లద్దాలు పెట్టుకుంది. కెమిస్ట్ మాత్రం అతని వైపే చూస్తోంది, ఆ గాజు కిటికీ ఇంకా మధ్యలో ఉన్నట్టు.

తాతయ్య బండి తలుపు తెరిచి పట్టుకున్నాడు. "రా తల్లీ. నిన్నూ, నీ పనినీ, ఆ పాపనీ ఇక మనమే చూసుకుంటాం."

ఆమె ఒక కాలు బండిలో పెట్టి ఆగింది. "సార్, ఆ మనంలో నేనున్నానా?"

తాతయ్య కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"లేవమ్మా," అన్నాడు. "మేమే చూసుకుంటాం."

ఎంతైనా ఆయన మాతృభాష తెలుగే కదా, తప్పు వెంటనే దిద్దుకున్నాడు.